కత్తెర పట్టినవాళ్ళకి కదా ముందు నేర్పాల్సింది

ఈమధ్య అగ్రికల్చర్ బీఎస్సీ, హార్టికల్చర్ చదివిన పిల్లలు కొందరు మెసేజ్ పెట్టి అడుగుతున్నారు. అన్నా, వైన్ తయారీ కోర్సు చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ చేస్తే మంచిది, విదేశాలకి వెళ్ళాలా, ఇక్కడే ఉందా, తర్వాత ఉద్యోగం వస్తుందా అని. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. నేను నాసిక్ జిల్లా దిండోరి వైపు వైన్ ద్రాక్ష తోటల్లో పనిచేస్తాను. తోట పని చూసుకుంటూనే రైతులకీ, కత్తిరింపు ముఠాలకీ, వైన్ తయారుచేసే సెల్లార్‌లో పనిచేసే కుర్రాళ్ళకీ ట్రైనింగ్ ఇస్తుంటాను. ఈ చదువు గురించి నాకు బలమైన అభిప్రాయాలే ఉన్నాయి, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు అడిగినదానికి జవాబు. ప్రపంచంలో వైన్ చదువుకి పేరున్న యూనివర్సిటీలు కాలిఫోర్నియాలో డేవిస్, ఫ్రాన్స్‌లో బోర్డో, ఆస్ట్రేలియాలో అడిలైడ్. మన దగ్గర పుణె వైపు వైన్ టెక్నాలజీ కోర్సులున్నాయి, పుణె పక్కనే మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, 1997లో పెట్టారు, ద్రాక్ష మీద మన దేశంలో జరిగే పరిశోధనకి అది పెద్ద దిక్కు. డబ్బుంటే బయటికి వెళ్ళండి, లేకపోతే ఇక్కడ చదవండి, రెండూ మంచివే. కానీ ఏ కోర్సులో చేరినా సరే, ముందు ఒక ఏడాది, అంటే ఏప్రిల్ కత్తిరింపు నుంచి మార్చి కోత దాకా, ఏదో ఒక తోటలో ఉండండి. ఇది ఊరికే చెప్పే సలహా కాదు, కారణం ఉంది.

మనం చదివే పుస్తకాలన్నీ చలిదేశాల్లో రాసినవి. అక్కడ చలికాలంలో తీగ ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది, అప్పుడు కత్తిరిస్తారు, వసంతంలో కన్ను, అంటే చిగురు మొగ్గ, విచ్చుకుంటుంది, ఎండాకాలం చివర్లో కోస్తారు. ఏడాదికి ఒకటే కత్తిరింపు. నాసిక్‌లో తీగ అసలు నిద్రపోదు. వదిలేస్తే ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఇక్కడ రెండుసార్లు కత్తిరిస్తాం, కాపు మాత్రం ఒక్కటే తీస్తాం. ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు, కొమ్మని దాదాపు మొదలు దాకా కోసేసి కొత్త కొమ్మలు రప్పించడానికి. సెప్టెంబర్, అక్టోబర్‌లో రెండోది, ఆ కొమ్మల మీద కాపు రప్పించడానికి. జనవరి నుంచి మార్చి దాకా కోత. అంటే యూరప్‌లో తీగలు నిద్రలో ఉన్నప్పుడు మేం బుట్టలు మోస్తుంటాం. పుస్తకంలో క్యాలెండర్ ఇక్కడ అస్సలు పనికిరాదు. అందులోని శాస్త్రం మాత్రం అక్షరాలా పనికొస్తుంది. ఆ శాస్త్రాన్ని తెచ్చి ఈ క్యాలెండర్‌లో సరిగ్గా కూర్చోబెట్టడమే ఇక్కడి చదువు, అది తరగతి గదిలో రాదు.

ఇప్పుడు అసలు విషయం. మన దేశంలో వైన్ చదువంటే వైన్‌మేకర్ చదువు అనే అర్థం స్థిరపడిపోయింది. మొదటినుంచీ అలాగే జరిగింది. నారాయణగావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే 1980ల్లో ఇండేజ్ వైన్ కంపెనీ పెట్టినా, బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర గ్రోవర్ కుటుంబం తోటలు వేసి ఫ్రాన్స్ నుంచి మిషెల్ రోలాన్‌ని సలహాదారుగా పిలిపించుకున్నా, 1990ల చివర్లో నాసిక్‌లో రాజీవ్ సామంత్ సులా వైన్ కంపెనీ మొదలుపెట్టి కాలిఫోర్నియా నుంచి వైన్‌మేకర్ కెర్రీ డామ్‌స్కీని తెచ్చుకున్నా, విద్య పైనుంచి వచ్చింది. రావాల్సిందే, మనకి అప్పుడు వేరే దారి లేదు, వాళ్ళు రాకపోతే ఈ పరిశ్రమే లేదు. కానీ వచ్చిన విద్య సెల్లార్ దగ్గరే ఆగిపోయింది. మేనేజర్ దాకా వెళ్ళింది, బాగా చదువుకున్న రైతు దాకా వెళ్ళింది. తీగకి కత్తెర పెట్టే మనిషి దాకా మాత్రం చాలాచోట్ల వెళ్ళలేదు.

ఆ మనిషి ఎవరు? మా వైపు కత్తిరింపుకి వచ్చే ముఠాలు ఎక్కువగా పేఠ్, సుర్గాణా తాలూకాల నుంచి వస్తాయి, ఆదివాసీ కుటుంబాలు. వానాకాలంలో సొంత చేలో వరి, రాగి చూసుకుని, అది కాగానే మొగుడూ పెళ్ళాం కలిసి ద్రాక్ష తోటలకి దిగుతారు. ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకుంటారు కాబట్టి చేతులు ఆగవు. ఒక్కో తీగ దగ్గర నిలబడి, ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీసేయాలి, ఎన్ని కళ్ళు వదిలి కోయాలి అని రోజుకి వందల నిర్ణయాలు తీసుకునేది వాళ్ళు. వచ్చే జనవరిలో ఆ తోటలో ఎన్ని గుత్తులుంటాయో, అవి ఎండలో ఉంటాయో ఆకుల చాటున ఉంటాయో అప్పుడే తేలిపోతుంది. అంతటి పని చేసేవాళ్ళకి మనం ఇచ్చే ట్రైనింగ్ ఏంటంటే, "గతేడాది లాగే కొట్టండి."

మా దగ్గర సెప్టెంబర్ చివర్లో చేసే పని ఒకటి చెప్తాను. కాపు కత్తిరింపుకి ముందు తోటలో అక్కడా ఇక్కడా కొన్ని కొమ్మలు కోసుకొచ్చి, మొదటి కన్ను నుంచి ఒక్కోదాన్నీ బ్లేడుతో పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. కన్నులో గుత్తి ఉందో లేదో అప్పుడే కనిపిస్తుంది. నాసిక్‌లో చాలామంది రైతులు దీన్ని ల్యాబ్‌లో డబ్బులిచ్చి చేయించుకుంటారు. కానీ రిపోర్ట్ కాగితం రైతు జేబులో ఉంటుంది, కత్తెర వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకని మేం మైక్రోస్కోప్‌నే తోట గట్టు మీదికి తెచ్చి, మడత బల్ల మీద పెట్టి, ముఠా మొత్తాన్ని చూడమంటాం. ముందు ఆడవాళ్ళు వచ్చి చూస్తారు. ఆకుపచ్చ పొరల మధ్య చిన్న తెల్లటి ముద్ద, సరిగ్గా ఫోకస్ చేస్తే బుడిపెలు బుడిపెలుగా గుత్తి ఆకారం. మూడో కన్నులో ఏమీ లేదు, ఒట్టి ఆకు తీగే. ఐదో కన్నులో ఉంది. ఆరో దాంట్లో ఇంకా పెద్దది. మొదటిసారి చూసిన ఒకావిడ తల ఎత్తకుండానే మరాఠీలో అడిగింది, "మరి మూడు కళ్ళకి కోసేస్తే గుత్తి నేల మీదే పడిపోయినట్టే కదా?" అంతే. నేను గంటసేపు చెప్పాల్సిన పాఠం ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ రోజు నుంచి ఆ ముఠాకి ఎన్ని కళ్ళు వదలాలో చెబితే చాలు, ఎందుకు అన్నది నేను చెప్పక్కర్లేదు, పక్క ముఠాకి వాళ్ళే చెప్తున్నారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కన్నులో ఆ గుత్తి ఏర్పడేది సెప్టెంబర్‌లో కాదు. ఏప్రిల్ కత్తిరింపు అయ్యాక సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, అంటే మే చివర, జూన్‌లో. ఆ టైంలో కొమ్మ మొదట్లో ఎండ పడాలి. కొమ్మలు గుబురుగా పెరిగిపోయి నీడ కమ్మితే కన్ను గొడ్డుపోతుంది, తర్వాత ఎంత ఎరువు పోసినా రాదు. కాబట్టి మేలో అదనపు కొమ్మలు తీసేసే పని, ఎండకి భయపడి చాలామంది వాయిదా వేసే పని, నిజానికి వచ్చే జనవరి కోత పని. ఇది కూడా మైక్రోస్కోప్ దగ్గరే చెప్పాలి. నీడలో పెరిగిన కొమ్మ కన్నునీ, ఎండలో పెరిగిన కొమ్మ కన్నునీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇక మాటలు అవసరం లేదు.

ట్రైనింగ్ లేకపోవడం వల్ల జరిగే నష్టం టన్నుల్లోనే ఉండదు, ఒంటి మీద కూడా ఉంటుంది. అక్టోబర్ కత్తిరింపు అవగానే కళ్ళన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి పై కళ్ళకి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు, బజార్లో డార్మెక్స్ అంటారు. గుడ్డ పీలికో స్పాంజి ముక్కో ముంచి కన్ను కన్నుకీ అద్దుతూ పోవాలి. చర్మానికి తగిలితే కాలుతుంది. అంతకన్నా ప్రమాదం ఏంటంటే, ఇది ఒంట్లోకి వెళ్ళాక మందు తాగితే శరీరం ఆ ఆల్కహాల్‌ని అరిగించుకోలేదు. మొహం ఎర్రబడిపోయి, గుండె దడ, వాంతులు, ఊపిరాడకపోవడం, ఆస్పత్రి పాలవడం. పని చేసిన రోజే కాదు, ముందూ తర్వాతా కొన్ని రోజులు మందు ముట్టకూడదు. రోజంతా పూసి సాయంత్రం ఒళ్ళు నొప్పులకి ఒక గ్లాసు వేసుకునే మనిషికి ఈ విషయం ఎవరో ఒకరు చెప్పాలి, వాళ్ళ భాషలో చెప్పాలి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది కదా అంటే కుదరదు. గ్లవ్స్ ఇవ్వకుండా ఈ పని చేయించే తోట ఏదైనా సరే, అక్కడ పండిన ద్రాక్షతో ఎంత గొప్ప వైన్ చేసినా నాకు దాని మీద గౌరవం ఉండదు.

ఇక రైతుల సంగతి. మా వైపు వైన్ ద్రాక్ష వేసిన రైతుల్లో ఎక్కువమంది తినే ద్రాక్షలో ఆరితేరినవాళ్ళు. థామ్సన్ సీడ్‌లెస్‌ని యూరప్‌కి ఎగుమతి చేసే స్థాయిలో పండించగల నేర్పు వాళ్ళది, ఆ విషయంలో వాళ్ళకి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. కానీ తినే ద్రాక్షకి కావాల్సినదానికి వైన్ ద్రాక్షకి కావాల్సింది చాలా విషయాల్లో పూర్తి వ్యతిరేకం. అక్కడ కాయ లావుగా రావాలి, తోలు పల్చగా ఉండాలి, గింజ ఉండకూడదు. ఇక్కడ కాయ చిన్నగా, తోలు మందంగా ఉండాలి, ఎందుకంటే రంగూ వాసనా వగరూ అన్నీ తోలులోనూ గింజలోనూ ఉన్నాయి. నీళ్ళు దండిగా కట్టి కాయ ఊరేలా చేస్తే ఆ సారమంతా పల్చబడుతుంది.

పొటాష్ విషయం చూడండి. కాయ తీపెక్కడానికి పొటాష్ వేయడం ద్రాక్ష రైతుకి చేతికి అలవాటైన పని. వైన్ ద్రాక్షలో అదే అలవాటు కొంపముంచుతుంది. ఆ పొటాషియం కాయ తోలులో చేరి, రసంలో టార్టారిక్ ఆమ్లంతో కలిసి ఉప్పుగా మారి అడుగున దిగిపోతుంది. ఆమ్లం తగ్గి పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) పెరుగుతుంది. మా రాత్రులు ఫ్రాన్స్ రాత్రులంత చల్లగా ఉండవు, వేడికి కాయలోని మాలిక్ ఆమ్లం ఎలాగూ కరిగిపోతుంటుంది, దానికి ఇది తోడవుతుంది. పీహెచ్ పెరిగితే ఏమవుతుందంటే, వైన్ చెడిపోకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ సరిగ్గా పనిచేయదు. పీహెచ్ 3.2 ఉన్న వైన్‌కి లీటరుకి 20 మిల్లీగ్రాములు సరిపోయే చోట, 3.8 ఉన్నదానికి దాదాపు 80 కావాలి. నాలుగు రెట్లు! అంత వేస్తే ముక్కుకి తెలిసిపోతుంది, వేయకపోతే బాక్టీరియా పట్టుకుంటుంది. వైన్‌మేకర్ టార్టారిక్ ఆమ్లం బస్తాలు కొని కలుపుతాడు, రైతు పొటాష్ బస్తాలు కొని వేస్తాడు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని ఒక్క పూట మాట్లాడుకుంటే రెండు బస్తాల డబ్బూ మిగులుతుంది. నేను అందుకే రైతుల క్లాసుని తోటలో పెట్టి, మధ్యాహ్నం అందరినీ సెల్లార్‌కి తీసుకెళ్తాను. రెండు వేర్వేరు తోటల రసాన్ని గ్లాసుల్లో పోసి, పీహెచ్ మీటర్ వాళ్ళ చేతికే ఇచ్చి కొలవమంటాను. తన తోట రసం 3.9 చూపించి పక్కవాడిది 3.4 చూపిస్తే ఆ రైతు మొహంలో వచ్చే మార్పుకి, అక్కడికక్కడే మొదలయ్యే ప్రశ్నలకి ఏ స్లైడూ సాటి రాదు. నువ్వు ఏ వేరు మీద అంటు కట్టావ్, డాగ్‌రిడ్జా 110ఆరా, నీళ్ళు ఎప్పుడు ఆపావ్, ఆకు ఎప్పుడు తీశావ్ అని వాళ్ళలో వాళ్ళే మొదలుపెడతారు, నేను పక్కకి తప్పుకుంటా.

గంధకం పొడి కూడా ఇలాంటిదే. డిసెంబర్, జనవరిలో బూడిద తెగులు పట్టుకుంటుంది, గంధకం కొడతారు, మంచి మందే. కానీ కోతకి దగ్గర్లో కొడితే కాయ మీద మిగిలిన గంధకాన్ని పులిసేటప్పుడు ఈస్టు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది, ట్యాంకు మూత తీస్తే కుళ్ళిన గుడ్ల కంపు. కోతకి నెల రోజులకి తగ్గకుండా ముందే ఆపేయాలి. ఇది రైతుకి నోటితో చెబితే సరే సరే అంటారు. ఆ వాసన ఒకసారి చూపించండి, జన్మలో మర్చిపోరు.

బ్రిక్స్ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే డబ్బులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కాయలో తీపి ఎంత ఉందో కొలిచే అంకె అది. 22 ఉంటే ఆ వైన్‌లో ఆల్కహాల్ సుమారు పన్నెండున్నర, పదమూడు శాతం వస్తుంది. చాలా ఒప్పందాల్లో ధర దీని మీదే కడతారు. రిఫ్రాక్టోమీటర్ అని జేబులో పట్టే గొట్టం, అద్దం మీద రెండు చుక్కల రసం వేసి మూత వేసి వెలుతురు వైపు చూస్తే నీలం తెలుపు కలిసే గీత దగ్గర అంకె. ఎవరైనా రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు. కష్టమంతా ఏ కాయ కోశావన్న దాంట్లో ఉంది. మనిషి చెయ్యి సహజంగా ఎండ తగిలే వైపు, భుజం ఎత్తులో ఉన్న, గుత్తి పైభాగంలో ఉన్న కాయ మీదికే పోతుంది, అదే అన్నిటికంటే తియ్యగా ఉంటుంది. 23 అని సంబరపడి కోత పెట్టుకుంటే ట్యాంకులో 20 తేలుతుంది. అందుకని వరస చివరి తీగలు వదిలేసి, తోటంతా తిరుగుతూ, రెండు వైపులా, గుత్తి పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింది కొసలో ఒకటి, కనీసం వంద కాయలు సంచిలో వేసుకుని, అన్నీ కలిపి పిసికి వడకట్టి కొలవాలి. అదీ పొద్దున్నే, రోజూ ఒకే టైంకి. తర్వాత గింజ కొరికి చూడాలి, ఆకుపచ్చగా ఉండి నాలుకని పిండేస్తుంటే తీపి ఎంతున్నా ఎర్ర వైన్‌కి ఇంకా టైం కాలేదన్నమాట.

సెల్లార్ కుర్రాళ్ళకి మొదటి పాఠం వైన్ గురించి కాదు, గాలి గురించి. ఒక లీటరు రసం పులిస్తే 50 లీటర్లకి పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు, ట్యాంకు అడుగున, గదిలో కింది భాగంలో నిలిచిపోతుంది, రంగుండదు. పిప్పి తీయడానికి ట్యాంకులోకి దిగినవాడు కూలబడతాడు, వాణ్ణి కాపాడదామని ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. ప్రపంచంలో వైన్ చేసే చాలా చోట్ల జరిగిన విషయమే ఇది. ఫ్యాన్లు పెట్టి, మీటర్‌తో కొలిచి, బయట ఒక మనిషి నిలబడితే తప్ప దిగకూడదు. ఇది నేర్పకుండా ఈస్టు రకాల గురించి మాట్లాడటం అనవసరం.

మా పెద్దనాయన ఒకప్పుడు శంషాబాద్ పక్కన అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష పండించినాయన. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ళ కింద ఆ పొడుగు కాయల గుత్తులు వేలాడిన కాలం చూసినవాళ్ళకి తెలుసు, ద్రాక్షంటే దేశంలో మన పేరే చెప్పుకునేవాళ్ళు. తర్వాత గింజలేని రకాలతో మహారాష్ట్ర ముందుకెళ్ళింది, హైదరాబాద్ పెరిగి అక్కడి తోటలు ప్లాట్లయ్యాయి. ఆయన ఫోన్లో అడిగాడు, "ఎకరానికి ఎన్ని టన్నులు తీస్తున్నరు రా?" నాలుగైదు టన్నులు పెద్దనాయనా అన్నాను. "గంతేనా? మా తోటల గంత కాయ రాలిపోతుండె. ఉన్న గుత్తులు కూడ కోసి పారెయ్యమని నువ్వే చెప్తున్నవట?" అవును, చెప్తున్నా, మిగిలిన గుత్తుల్లో సారం చిక్కబడాలని. కారణం వివరిస్తే శ్రద్ధగా విని, ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న మాత్రం మా మేనేజర్లు కూడా అడగనిది: "మరి గా తక్కువ టన్నులకు ఎక్కువ ధర ఇస్తమని రాసిస్తున్నరా?"

అందుకే ఒప్పందం చదవడం కూడా నా క్లాసులో ఒక పాఠం. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ విధానం తెచ్చింది, నాసిక్ జిల్లా వించూర్‌లోనూ సాంగ్లీ జిల్లా పలూస్‌లోనూ వైన్ పార్కులు పెట్టారు, రాయితీలు చూసి చాలామంది రైతులు వైన్ రకాలు నాటారు. 2008 మాంద్యంలో అమ్మకాలు పడిపోయి కంపెనీలు కాయ కొనడం తగ్గించేసరికి వాళ్ళు వీధిన పడ్డారు. తినే ద్రాక్షయితే ఏదో ఒక మార్కెట్లో ఎంతకో అంతకి అమ్ముకోవచ్చు. ఈ చిన్న కాయ, లోపల గింజలు, మందం తోలు, పండ్ల మార్కెట్లో ఎవరు కొంటారు? ఎంతోమంది తీగలు పీకేశారు. వాళ్ళకి ఎలా పండించాలో చెప్పినవాళ్ళున్నారు, ఎవరూ కొనకపోతే ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు.

తెలంగాణలో, అనంతపురం వైపు వైన్ ద్రాక్ష వేద్దామా అని అడిగేవాళ్ళకి కూడా ఇదే చెప్తాను. రాత్రి చలి ఎంత, కోత రోజుల్లో రసం పీహెచ్ ఎంత వస్తుంది అన్నది కొన్ని వరసలు నాటి చూసుకోండి, అది రెండు మూడేళ్ళ పని. ఎకరాలు పెట్టేముందు మాత్రం కొనేవాళ్ళతో కాగితం రాయించుకోండి. అందులో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: శాంపిల్ ఎవరు తీస్తారు, కోత తేదీ ఎవరు చెప్తారు, ఆ తేదీకి లారీ రాకపోతే ఆగిన ప్రతి రోజుకీ తగ్గే బరువు నష్టం ఎవరిది.